సాఫ్ట్‌వేరు ఎంతవరకు, సరఫరాదారులతో సఖ్యత ఎంతవరకు: అంతరాయం వచ్చినా ఆగని సరఫరా వ్యవస్థను ఏర్పరచుకోవడం ఎలా?

చెన్నైలోని అంబత్తూరు, గిండీ, తిరుముడివాక్కం పారిశ్రామిక వాడల్లో చిన్న కర్మాగారాలు నడుపుతున్న తెలుగువారూ, శ్రీపెరుంబుదూరు, ఒరగడం కంపెనీల్లో పర్చేజ్, స్టోర్స్ విభాగాలు చూస్తున్నవారూ ఒకే ప్రశ్న పదేపదే అడుగుతున్నారు. సరుకు ఆగిపోకుండా ఉండాలంటే మంచి సాఫ్ట్‌వేరు కొనాలా, లేక ఉన్న సరఫరాదారులతో సంబంధాలు గట్టి చేసుకుంటే సరిపోతుందా అన్నదే ఆ ప్రశ్న. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వానలకు అంబత్తూరు వాడలో షెడ్డుల్లోకి నీళ్ళు వచ్చినప్పటి నుంచి ఈ ప్రశ్న మరింత ఎక్కువగా వస్తోంది.

రెండూ కావాలి, అయితే ఒక వరుసలో కావాలి. తెర మీద కనిపించే నిల్వ అంకె ఎవరో ఒకరు నింపితేనే వస్తుంది. నిజం నింపితే తనకు నష్టం జరగదన్న నమ్మకం అవతలివారికి లేనప్పుడు, ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరైనా అబద్ధాన్నే అందంగా చూపిస్తుంది. కాబట్టి ముందు ఇచ్చిపుచ్చుకునే మాట కుదరాలి, ఆ మాట కాగితం మీదికి ఎక్కాలి, ఆ తర్వాతే అది కంప్యూటరులోకి వెళ్ళాలి. ఈ మార్గదర్శిని ఆ వరుసలోనే రాశాను. ఇరవై మంది నుంచి రెండు వందల మంది వరకు పనిచేసే యూనిట్లను దృష్టిలో పెట్టుకున్నాను. పెద్ద ఈఆర్‌పీ (కంపెనీ పనులన్నిటినీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేరు) ఉన్నవారు కూడా మొదటి నాలుగు మెట్లను వదలకుండా చేయాలి.

రెండూ ఎందుకు కావాలో టొయోటా కంపెనీకి ఎదురైన రెండు సంఘటనలు చెబుతాయి. 1997 ఫిబ్రవరి 1న జపాన్‌లో ఐసిన్ సైకీ సంస్థకు చెందిన కరియా కర్మాగారం కాలిపోయింది. టొయోటా కార్ల బ్రేకుల్లో వాడే ఒక చిన్న వాల్వు దాదాపు పూర్తిగా అక్కడి నుంచే వచ్చేది, టొయోటా దగ్గర కొద్ది గంటల నిల్వే ఉండేది. అప్పుడు ఐసిన్ తన డ్రాయింగులను పంచిపెట్టగా, అరవైకి పైగా సంస్థలు తమ మిషన్ల మీద ఆ వాల్వులు చేయడానికి ముందుకు వచ్చాయి. వాటిలో అంతవరకు కారు భాగం ముట్టని కుట్టుమిషన్ల సంస్థ కూడా ఉంది. వారం గడిచేసరికి ఉత్పత్తి దాదాపు మామూలు స్థితికి వచ్చింది. ఇది సఖ్యత బలం. ఇక 2022 మార్చి 1న అదే టొయోటా జపాన్‌లోని తన 14 కర్మాగారాలనూ ఒక రోజంతా మూసివేయవలసి వచ్చింది. కోజిమా ఇండస్ట్రీస్ అనే సరఫరాదారు కంప్యూటర్ల మీద సైబర్ దాడి జరగడమే కారణం. ఒకరి కంప్యూటరు మరొకరికి ఎంతగా ముడిపడితే, ఒకరి బలహీనత అంతగా అందరిదీ అవుతుంది. తర్వాతి మెట్లలో ఈ రెండు సంగతులూ మళ్ళీ పనికొస్తాయి.

మొదలుపెట్టే ముందు దగ్గర ఉంచుకోవలసినవి

- గత 12 నెలల కొనుగోలు రిజిస్టరు. టాలీ నుంచి తీసినా, మీరు వాడే మరే లెక్కల సాఫ్ట్‌వేరు నుంచి తీసినా సరే.
- ఎక్కువగా అమ్ముడయ్యే నాలుగైదు ఉత్పత్తుల బిల్ ఆఫ్ మెటీరియల్స్, అంటే ఒక్కో ఉత్పత్తికి కావలసిన భాగాల, ముడిసరుకుల జాబితా.
- సరఫరాదారులకు చెల్లించవలసిన బకాయిల జాబితా, గడువు తేదీలతో సహా.
- ఇంటర్నెట్‌లో పంచుకోగల ఒక మామూలు స్ప్రెడ్‌షీట్.
- ఈ పనికి ఒక బాధ్యుడు, ఆయన లేనప్పుడు చూసే రెండో మనిషి.
- వారానికి ఒక పూట యజమాని సొంత సమయం. దీనిని ఎవరికీ అప్పగించడానికి వీలులేదు, ఎందుకంటే రెండో మెట్టులోనూ మూడో మెట్టులోనూ మాట ఇవ్వగలిగేది యజమాని మాత్రమే.

ఈ జాబితాలో కొత్త సాఫ్ట్‌వేరు లేదు. ఎనిమిది మెట్లూ దాటేవరకు అది అవసరం పడదు.

మెట్టు 1: ఏది ఆగితే మీ లైను ఆగుతుందో గుర్తించండి

చాలామంది కొనుగోలు విలువ ప్రకారం పెద్ద సరఫరాదారులను పైన, చిన్నవారిని కింద రాసుకుంటారు. ఇక్కడ ఆ వరుస పనికిరాదు. లక్షల రూపాయల స్టీలు షీటు ఆలస్యమైతే మరో డీలరు దగ్గర దొరుకుతుంది, కానీ కొన్ని రూపాయల రబ్బరు బుష్ ఒకే ఒక్కరి దగ్గర ఉన్న డై (భాగానికి ఆకారమిచ్చే అచ్చు) మీద తయారవుతుంటే, అది రాకపోతే మీ డిస్పాచ్ మొత్తం నిలిచిపోతుంది.

ప్రతి భాగానికీ రెండు అంకెలు రాయండి. మొదటిది, సరఫరా ఈరోజే ఆగిపోతే ఉన్న నిల్వతో ఎన్ని రోజులు నడపగలరు. రెండవది, ఆ సరఫరాదారు పూర్తిగా దెబ్బతింటే తిరిగి సరుకు పంపడానికి, లేదా మీరు మరొకరి దగ్గర మంచి సరుకు మొదలుపెట్టడానికి ఎన్ని రోజులు పడుతుంది. అమెరికాలోని ఎంఐటీ ఆచార్యుడు డేవిడ్ సిమ్చీ-లెవీ ఫోర్డ్ కంపెనీతో కలిసి వాడి చూపిన పద్ధతి ఇదే. దీనికి పెద్ద లెక్కలు అవసరం లేదు. రెండో అంకె మొదటిదానికన్నా పెద్దదిగా ఉన్న ప్రతి భాగమూ మీ ప్రమాద జాబితాలోకి వస్తుంది.

ఉదాహరణకు మీరు బ్రాకెట్లు చేసి శ్రీసిటీలోని ఒక కంపెనీకి పంపుతున్నారనుకుందాం. స్టీలు షీటుకు పది రోజుల నిల్వ ఉంది, మరో డీలరు నుంచి నాలుగు రోజుల్లో వస్తుంది, కాబట్టి భయం లేదు. జింక్ ప్లేటింగ్ (తుప్పు పట్టకుండా వేసే జింకు పూత) మాత్రం అంబత్తూరులో ఒకే షాపులో జరుగుతోంది. ప్లేటింగ్ అయిన సరుకు మీ దగ్గర నాలుగు రోజులకే ఉంది, వేరే షాపులో శాంపిల్ తీయించి కస్టమరు ఆమోదం పొందడానికి ఇరవై రోజులు పడుతుంది. మీ అసలు సమస్య ఈ పదహారు రోజుల లోటు. ఇకపై మీ శ్రమంతా ఇలాంటి పది పన్నెండు భాగాల మీదే పెట్టండి. మిగతా వందల భాగాలను ప్రస్తుతానికి ఉన్న పద్ధతిలోనే సాగనివ్వండి.

హెచ్చరిక: కోలుకునే రోజుల అంకెను మీరే ఊహించి రాయకండి. దాన్ని మూడో మెట్టులో సరఫరాదారునే అడిగి సరిచేయాలి.

మెట్టు 2: బకాయిలు సరిచేయండి

బాకీ పెట్టుకుని సమాచారం అడిగితే ఎవరూ ఇవ్వరు, ఇచ్చినా నిజం ఇవ్వరు. మూడు నెలల బిల్లు నిలిచిపోయిన ప్లేటింగ్ షాపు యజమాని వరద వచ్చిన రోజున, మిగిలిన ఒక్క ట్యాంకులో ఎవరి సరుకు ముందు వేస్తాడో ఆలోచించండి.

చట్టం కూడా ఇదే దారి చూపుతోంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న తరహా సరఫరాదారుకు లిఖిత ఒప్పందం ఉంటే అందులోని గడువులోగా, ఎంత గడువు రాసుకున్నా 45 రోజులకు మించకుండా చెల్లించాలి. ఒప్పందం లేకపోతే 15 రోజులే. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా పడుతుంది. ఆదాయపు పన్నులో 43బి(హెచ్) అని అందరూ పిలిచే నిబంధన 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి అమలులోకి వచ్చాక, గడువు దాటిన బాకీని నిజంగా చెల్లించిన సంవత్సరంలోనే ఖర్చుగా చూపించుకోగలరు. మీ సరఫరాదారుల ఉద్యం రిజిస్ట్రేషన్ (ఎంఎస్ఎంఈగా ప్రభుత్వం దగ్గర నమోదు) వివరాలు తీసుకుని, ఎవరు ఈ పరిధిలోకి వస్తారో మీ ఆడిటరుతో జాబితా చేయించండి.

ఒకేసారి అందరికీ చెల్లించే స్తోమత లేకపోతే ప్రమాద జాబితాలోని పది పన్నెండు మందికి ముందు చెల్లించండి. మిగతావారికి తేదీ చెప్పి, ఆ తేదీన తప్పక ఇవ్వండి. మీకు రావలసిన డబ్బు పెద్ద కంపెనీల దగ్గర చిక్కుకుని ఉంటే, రిజర్వు బ్యాంకు అనుమతితో నడుస్తున్న ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ వేదికల మీద ఆ బిల్లులను డిస్కౌంటు చేయించుకునే, అంటే కొంత తగ్గింపుతో గడువుకు ముందే డబ్బు తీసుకునే మార్గం ఉంది. మీ కస్టమరు అందులో నమోదై ఉన్నారో లేదో అడగండి. డిజిటల్ సాధనాల్లో అన్నిటికన్నా ముందు లాభం కనిపించేది ఇక్కడేనని నా అభిప్రాయం.

మెట్టు 3: వెళ్ళి కూర్చుని మాట్లాడండి

ప్రమాద జాబితాలోని ప్రతి ఒక్కరి దగ్గరికీ యజమానిగా మీరే వెళ్ళండి. ఫోను సరిపోదు, ఎందుకంటే షెడ్డు గచ్చు రోడ్డుకన్నా ఎంత కిందికి ఉందో, ప్యానెల్ బోర్డు ఎంత ఎత్తున బిగించారో ఫోనులో కనిపించదు. 2015, 2023 వరదల్లో నీరు ఎక్కడివరకు వచ్చిందో అడిగితే గోడ మీద చేయి పెట్టి చూపిస్తారు. ఆ ఎత్తును రాసుకోండి.

అడగవలసినవి ఇవి. వారి ముడిసరుకు ఎవరి దగ్గర నుంచి వస్తుంది, అది ఒకే చోటు నుంచా? మీ పని చేయగలిగిన ఆపరేటర్లు ఎందరు, వారు పొంగలుకో ఛఠ్ పండుగకో ఒకేసారి ఊళ్ళకు వెళ్ళిపోతారా? జనరేటరు ఉందా, ఉంటే ఎంత భారం మోస్తుంది? మీ డైలు, జిగ్గులు (పని చేసేటప్పుడు భాగాన్ని పట్టి ఉంచే సాధనాలు) ఎక్కడ ఉంచారు? షాపు పూర్తిగా ఆగితే మళ్ళీ మీ సరుకు బయటికి రావడానికి ఎన్నాళ్ళు పడుతుంది? చివరి ప్రశ్న ఇది: "మా వల్ల మీకు కలుగుతున్న ఇబ్బంది ఏమిటి?" దీనికి వచ్చే జవాబు సాధారణంగా షెడ్యూలును మాటిమాటికీ మార్చడం గురించే ఉంటుంది. ఆ మాటను వాదించకుండా రాసుకోండి.

అవతలివారు తమిళులైతే సంభాషణ తమిళంలోనే సాగనివ్వండి. మీకు అంతగా రాకపోతే వచ్చినవారిని వెంట తీసుకువెళ్ళండి. రోజూ అంకెలు చెప్పవలసినది యజమాని కాదు, షిఫ్టు సూపర్‌వైజరు. ఆయనకు సౌకర్యమైన భాషలోనే మీ ఫారం కూడా ఉండాలి.

హెచ్చరిక: ఈ భేటీలో ధర తగ్గించమని అడగకండి. ఒక్కసారి అడిగితే చాలు, మీరు అడిగిన మిగతా ప్రశ్నలన్నీ బేరం కోసమేనని వారు అనుకుంటారు.

మెట్టు 4: ఒక పేజీ ఒప్పందం రాసుకోండి

లాయరు భాష అక్కర్లేదు. రెండు పక్షాలకూ అర్థమయ్యే భాషలో, ఒకే పేజీలో, ఎడమవైపు మీరు ఇచ్చేది, కుడివైపు వారు ఇచ్చేది రాయండి.

మీరు ఇచ్చేవాటిలో చెల్లింపు తేదీ, మూడు నెలల షెడ్యూలు ఉండాలి. మొదటి నెల అంకె ఖాయం, మార్చితే తయారైన సరుకును మీరు తీసుకోవాలి. రెండో నెల అంకె కొంత అటూ ఇటూ కావచ్చు, ఎంతవరకో రాయండి. మూడో నెలది అంచనా మాత్రమే. వారు ఇచ్చేవాటిలో వారానికొకసారి నిల్వ వివరాలు, ఏదైనా అడ్డంకి తెలిసిన 24 గంటల్లో మీకు సమాచారం ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం ఒకటి ఉంది, దాన్ని మాత్రం పెద్ద అక్షరాలతో రాయండి: ముందుగా చెప్పిన చెడ్డ కబురుకు పెనాల్టీ ఉండదు. ఈ వాక్యం లేకపోతే మిషను పాడైన సంగతి మీకు డెలివరీ తేదీ సాయంత్రమే తెలుస్తుంది. చెప్పకుండా దాచినందుకు మాత్రం పెనాల్టీ రాసుకోవచ్చు, అది న్యాయం.

మీ డబ్బుతో చేయించిన డైలు వారి దగ్గర ఉంటే, ప్రతి డై నంబరుతో యాజమాన్య పత్రం మీద సంతకం తీసుకుని, డై మీద మీ పేరు చెక్కించండి. జాబ్‌వర్కుకు (మీ సరుకు మీద బయటివారితో పని చేయించుకోవడానికి) పంపే సరుకుకూ డైలకూ డెలివరీ చలాన్లు సక్రమంగా ఉంచండి. జీఎస్టీ చట్టం ప్రకారం జాబ్‌వర్కుకు పంపిన ముడిసరుకు ఏడాదిలోగా తిరిగి రావాలి. అచ్చులు, డైలు, జిగ్గులు, ఫిక్స్చర్లకు ఆ గడువు వర్తించదు. కానీ ఆపద వేళ డైని మరో షాపుకు తరలించాలంటే అది మీదేనని చూపే కాగితం కావాలి. తాజా డ్రాయింగు ప్రతి మీ దగ్గర ఉందో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి. ఐసిన్ కాలిపోయిన నాడు ఇతరులు పనిలోకి దిగగలిగింది డ్రాయింగులు చేతికి అందినందువల్లే.

మెట్టు 5: అతి తక్కువ డిజిటల్‌తో మొదలుపెట్టండి

ఇప్పుడు స్ప్రెడ్‌షీట్ తెరవండి. ప్రతి భాగానికీ అయిదు గడులు చాలు: మీ దగ్గరి నిల్వ, వారి దగ్గర తయారైన నిల్వ, తయారీలో ఉన్నది, వారి ముడిసరుకు ఎన్ని రోజులకు సరిపోతుంది, వివరం చెప్పిన తేదీ. ఆరో గడి పెట్టాలని అనిపిస్తుంది, పెట్టకండి.

సరఫరాదారును మీ పోర్టల్‌లోకి లాగిన్ అవమని బలవంతం చేయకండి. ఆయనకు మీలాంటి కస్టమర్లు పది మంది ఉండి, ఒక్కొక్కరూ ఒక్కో పోర్టల్ ఇస్తే, నింపడానికి ప్రత్యేకంగా ఒక గుమాస్తాను పెట్టుకోవాలి. ఆయన సూపర్‌వైజరు శుక్రవారం సాయంత్రం వాట్సాప్‌లో తమవైపు అంకెలు పంపినా, గొంతు రికార్డు చేసి పంపినా, స్టాకు బోర్డు ఫొటో తీసి పంపినా స్వీకరించి, మీ బాధ్యుడే షీటులో ఎక్కించాలి. శ్రమ మీవైపు ఉంచుకోండి. కొంచెం పెద్ద సరఫరాదారులు, తామే షీటులో నింపగలమన్నవారు ఉంటే వారికి నేరుగా అనుమతి ఇవ్వవచ్చు.

హెచ్చరికలు మూడు ఉన్నాయి. ఒక్కో సరఫరాదారుకు ఒక్కో షీటు ఉండాలి. ఒకరి పరిమాణాలు, ధరలు మరొకరి కంట పడితే ఆ నమ్మకం తిరిగి రాదు. షీటుకూ ఈమెయిలుకూ రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డుతో పాటు ఫోనుకు వచ్చే కోడు కూడా అడగడం) పెట్టండి, బ్యాంకు ఖాతా మారిందంటూ వచ్చే ఏ ఈమెయిలునైనా పాత నంబరుకు ఫోను చేసి నిర్ధారించుకున్న తర్వాతే నమ్మండి. వారానికొకసారి షీటు, డ్రాయింగుల ప్రతిని ఇంటర్నెట్‌కు కలపని డిస్కులో దాచండి. కోజిమా సంఘటన పెద్దవారికి మాత్రమే సంబంధించినదని అనుకోవద్దు. చిన్న సంస్థల కంప్యూటర్లకు కాపలా తక్కువ.

మెట్టు 6: తెర మీద ఎరుపు కనిపిస్తే ఎవరు ఏమి చేయాలో ముందే రాయండి

నిల్వ ఒక హద్దు దాటి తగ్గితే గడి ఎర్రబడేలా అమర్చడం తేలిక. ఆ తర్వాత ఏమిటన్నదే చాలాచోట్ల తేలదు. నేను సూచించే క్రమం ఇది: ఎరుపు కనిపించిన రోజునే బాధ్యుడు ఫోను చేయాలి, 24 గంటల్లో స్పష్టమైన తేదీ రాకపోతే ఎవరైనా ఆ షెడ్డుకు వెళ్ళి చూడాలి, 48 గంటల్లో తేలకపోతే యజమాని మాట్లాడి ప్రత్యామ్నాయం మొదలుపెట్టాలి. ఎర్రబడిన గడికి జవాబుగా ఈమెయిలు పంపి ఊరుకోవడాన్ని చర్యగా లెక్కించకండి.

2000 మార్చి 17న అమెరికాలోని ఆల్బకర్కీలో ఫిలిప్స్ చిప్పుల కర్మాగారంలో పిడుగుపాటు వల్ల చిన్న మంట లేచి, కొద్ది నిమిషాల్లో ఆరిపోయింది. వారం ఆలస్యమని ఫిలిప్స్ చెప్పింది. నోకియా ఆ చిప్పులను ప్రత్యేక నిఘా జాబితాలో పెట్టి, రోజూ మాట్లాడి, నష్టం పెద్దదని త్వరగా గ్రహించి ఇతర మార్గాల్లో సరుకు సమకూర్చుకుంది. అదే చిప్పుల మీద ఆధారపడిన మరో ఫోన్ల సంస్థ ఎరిక్సన్ మొదటి కబురును నమ్మి ఆగి, భారీగా నష్టపోయింది. ఇద్దరికీ అందిన సమాచారం ఒక్కటే. దాని మీద ఎవరు ఎంత త్వరగా మనిషిని కదిలించారన్నదే తేడా.

మెట్టు 7: ప్రత్యామ్నాయాన్ని దాపరికం లేకుండా సిద్ధం చేయండి

ప్రమాద జాబితాలోని ప్రతి భాగానికీ రెండో మార్గం ఉండాలి. ఇద్దరు సరఫరాదారులను పెట్టుకుంటే రెండోవారికి కొంత పని ఎప్పుడూ ఇస్తూ ఉండండి. ఐదో వంతైనా ఇవ్వకపోతే అవసరం పడిన నాడు వారు మిమ్మల్ని కొత్త కస్టమరుగానే చూస్తారు. రెండోవారిని అదే వాడలో వెతకవద్దు. అంబత్తూరులో నీరు నిలిస్తే ఇద్దరి షెడ్డులూ మునుగుతాయి. హోసూరు, కోయంబత్తూరు, శ్రీసిటీ వైపు చూడండి, అయితే దారి గురించి కూడా ఆలోచించండి. 2021 నవంబరులో పెన్నా వరదకు నెల్లూరు దగ్గర పడుగుపాడు వద్ద రైలు మార్గం దెబ్బతిని, జాతీయ రహదారి మీద రాకపోకలు నిలిచిపోయాయి. ఉత్తరం నుంచి సరుకు తెచ్చుకునేవారు కడప, తిరుపతి మీదుగా వచ్చే దారిని, దాని అదనపు ఖర్చును ట్రాన్స్‌పోర్టరుతో ముందే మాట్లాడి ఉంచుకోవాలి.

మొదటి సరఫరాదారుకు ఈ సంగతి మీ నోటి నుంచే తెలియాలి. "మీ పని తగ్గించడానికి కాదు, మీ షెడ్డు మునిగిన వారంలో మా కస్టమరు మనిద్దరినీ వదిలిపోకుండా ఉండడానికి" అని కారణం చెప్పండి. చాలామంది అర్థం చేసుకుంటారు, కొందరు తామే మంచి షాపు పేరు చెబుతారు.

రెండోవారిని పెట్టుకోవడం వీలు కానిచోట, అంటే పరిమాణం మరీ తక్కువైనా కస్టమరు ఒకే పేరు ఆమోదించినా, అదనపు నిల్వే దిక్కు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల కాలం కాబట్టి ఆ మూడు నెలలకే నిల్వ పెంచి, సంక్రాంతి తర్వాత తగ్గించుకోండి. పెంచిన సరుకును వరద నీటి మట్టానికి పైన అరల్లో పెట్టండి.

మెట్టు 8: కరెంటు, నెట్టు లేని రోజుకు కాగితం సిద్ధం చేయండి

2016 డిసెంబరు 12న వర్దా తుపాను చెన్నైని తాకినప్పుడు చెట్లతో పాటు కరెంటు స్తంభాలు కూలి, కరెంటూ ఫోను సంకేతాలూ చాలాచోట్ల రోజుల తరబడి లేవు. అలాంటి రోజున క్లౌడులోని షీటు ఎందుకూ పనికిరాదు. ప్రతి సోమవారం ఒక పేజీ ముద్రించి గేటు దగ్గర, స్టోర్స్‌లో, యజమాని ఇంట్లో ఉంచండి. ప్రమాద జాబితా, గత వారం నిల్వలు, ప్రతి సరఫరాదారు యజమాని, సూపర్‌వైజరుల రెండేసి నంబర్లు వేర్వేరు నెట్‌వర్కులవి, షెడ్డు చిరునామా, లారీ డ్రైవర్ల నంబర్లు అందులో ఉండాలి. ఫోను పనిచేయకపోతే ఫలానా రోజు ఉదయం ఫలానా చోట కలుద్దామన్న మాట కూడా దగ్గరి సరఫరాదారులతో ముందే అనుకోండి.

దారిలో చిక్కుకున్న లారీ ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద ఉండవలసిన పత్రం) సంగతి మరవకండి. మామూలు సరుకుకు ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఉంటుంది. గడువు ముగియడానికి 8 గంటల ముందు నుంచి ముగిసిన 8 గంటల తర్వాత వరకు పొడిగించుకోవచ్చు. మీ దగ్గర నెట్టు లేకపోతే ఈ పనిని ఎవరు చేస్తారో, నెట్టు ఉన్న ఊళ్ళో ఉన్న మీ ఆడిటరో ట్రాన్స్‌పోర్టరో ముందే తేల్చి పెట్టండి.

సాఫ్ట్‌వేరు ఎప్పుడు కొనాలి?

షీటు మూడు నెలల పాటు ఒక్క వారమూ తప్పకుండా నిండితే, అంకెలు లెక్కకు సరిపోతుంటే, బాధ్యుడికి ఎక్కించడానికే సమయం చాలకపోతుంటే అప్పుడు కొనండి. కొనేటప్పుడు మీ లెక్కల సాఫ్ట్‌వేరుతో కలుస్తుందా, మీ సమాచారాన్ని ఎప్పుడంటే అప్పుడు పూర్తిగా బయటికి తీసుకోగలరా, సరఫరాదారు వాట్సాప్ ద్వారానే అంకెలు పంపే వీలుందా అని అడగండి. షీటే నిండని చోట సాఫ్ట్‌వేరు కూడా నిండదు.

తరచుగా జరిగే పొరపాట్లు

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది పెంచిన షెడ్యూలు. సరుకు తప్పకుండా రావాలని అవసరానికి మించి అడుగుతారు. సరఫరాదారు దానిని మరికొంత పెంచి తన ముడిసరుకుకు ఆర్డరు ఇస్తాడు. ఆ పైవాడు ఇంకా పెంచుతాడు. పసిపిల్లల డైపర్ల అమ్మకాలు నిలకడగా ఉన్నా, ఆర్డర్లు మాత్రం పైకి వెళ్ళేకొద్దీ ఎగుడుదిగుడుగా మారుతున్నట్టు ప్రోక్టర్ అండ్ గాంబుల్ సంస్థ గమనించింది. ఒకటి రెండుసార్లు మీరు పెంచి అడిగారని తెలిశాక మీ అంకెను ఎవరూ లెక్కచేయరు, నిజంగా అవసరమైన రోజున కూడా.

ఇద్దరు డీలర్లను రెండు మార్గాలుగా లెక్కించడం మరో పొరపాటు. ఇద్దరూ ఒకే మిల్లు సరుకు అమ్ముతుంటే మీకున్నది ఒక్క మార్గమే. మూడో మెట్టులోని మొదటి ప్రశ్న అందుకోసమే.

సరఫరాదారులందరినీ ఒకే వాట్సాప్ గ్రూపులో చేర్చకండి. చెడ్డ కబురును పోటీదారుల ముందు ఎవరూ చెప్పరు.

సంబంధమంతా ఒక్క పర్చేజ్ మనిషి సొంత ఫోనులో ఉండిపోవడం చాలా యూనిట్లలో కనిపిస్తుంది. ఆయన ఉద్యోగం మానిన రోజున మీ సఖ్యత కూడా ఆయనతోనే వెళ్ళిపోతుంది. ప్రతి ముఖ్యమైన సరఫరాదారుకు మీవైపు ఇద్దరు తెలిసి ఉండాలి, ఫోను నంబరు కంపెనీది అయి ఉండాలి.

ఇరవై ఏళ్ళ స్నేహమని నాణ్యత లోపాన్ని చూసీచూడనట్టు వదిలేయడం, మన తెలుగువారే కదా అని కాగితం రాసుకోకపోవడం కూడా అంతే హాని చేస్తాయి. ఊరివారైనా, బంధువులైనా నాలుగో మెట్టులోని ఒక్క పేజీ తప్పనిసరి. ఇద్దరికీ ఒకే విషయం గుర్తుండేలా చేసే ఆ పేజీ స్నేహాన్ని కాపాడుతుంది కూడా.

నిల్వ భారమంతా సరఫరాదారు మీదికి నెట్టి, మన దగ్గర నిల్వ తగ్గిందని సంతోషించకండి. ఆ ఖర్చు ఏదో ఒక రూపంలో ధరలోకి వస్తుంది, లేదా ఆయనే మునిగిపోతాడు. నిల్వ ఉంచమన్నప్పుడు ఎంతవరకు, ఎవరి డబ్బుతో అన్నది తేల్చండి.

ఫలితం సరిచూసుకోవడం ఎలా?

మొదటి పరీక్ష నిల్వది. నెలకొకసారి షీటులోని అయిదు భాగాలను చీటీ వేసి ఎంచుకుని, సరఫరాదారుకు ముందుగా చెప్పి అదే రోజున వెళ్ళి లెక్కపెట్టండి. తేడా పది శాతం లోపు ఉంటే మంచిదే. అంతకుమించితే మందలించకుండా కారణం తెలుసుకోండి. ఎక్కువసార్లు అది తిరస్కరించిన సరుకును కలిపి లెక్కించడం వల్లనో, సంచుల లెక్కకూ పీసుల లెక్కకూ తేడా వల్లనో వస్తుంది. వరుసగా మూడు వారాలు ఒకే అంకె వచ్చిందంటే అవతల ఎవరూ లెక్కపెట్టడం లేదని గ్రహించండి.

రెండవది చెడ్డ కబురు ఎంత ముందుగా వస్తోందన్నది. ప్రతి ఆలస్యానికీ మీకు తెలిసిన తేదీని, సరుకు రావలసిన తేదీని పక్కపక్కన రాయండి. మధ్య దూరం నెలనెలా పెరుగుతుంటే మీ ఒప్పందం పనిచేస్తోంది. ఆలస్యాల సంఖ్య కన్నా నేను ఈ దూరాన్నే ఎక్కువగా నమ్ముతాను, ఎందుకంటే ఆలస్యం మిషను వల్ల రావచ్చు, దాచడం మాత్రం భయం వల్లే వస్తుంది.

మూడవది మీ చెల్లింపులది. మాట ఇచ్చిన తేదీకి వందలో ఎన్ని బిల్లులు చెల్లించారో లెక్కించి ఆ అంకెను సరఫరాదారులకు చూపించండి. వారిని కొలిచేటప్పుడు మిమ్మల్ని కూడా కొలుచుకుంటున్నారని వారికి తెలియాలి.

నాలుగవది, బాధ్యుడిని ఒక వారం సెలవు మీద పంపి, రెండో మనిషి షీటును నడపగలిగారో లేదో చూడడం.

చివరిది అన్నిటికన్నా ముఖ్యమైనది. ఏటా సెప్టెంబరులో, వానలకు ముందు, ఒక పూట అభ్యాసం చేయండి. ఉదయం తొమ్మిదింటికి ఒక కాగితం ఇవ్వండి: "ప్లేటింగ్ షాపులో మూడు అడుగుల నీరు ఉంది, ఇక్కడ నెట్టు లేదు." కంప్యూటర్లు ముట్టకుండా, ముద్రించిన పేజీతో మాత్రమే, మధ్యాహ్నంలోగా మీ సిబ్బంది నాలుగు ప్రశ్నలకు జవాబు తేవాలి: ఎన్ని రోజుల సరుకు ఉంది, డైలు, ఫిక్స్చర్లు ఎక్కడ ఉన్నాయి, రెండో షాపు ఎప్పటి నుంచి ఎంత చేయగలదు, కస్టమరుకు ఏ తేదీ చెప్పాలి. రెండో షాపు యజమానికి నిజంగానే ఫోను చేయించండి, అభ్యాసమని ముందే చెప్పి. జవాబు రాని ప్రతి ప్రశ్నకూ పైన ఏదో ఒక మెట్టులో లోటు ఉంటుంది. దాన్ని సరిచేయడానికి బాధ్యుడి పేరు, తేదీ రాసి, అక్టోబరు మొదటి వారంలో ఆ ఒక్క ప్రశ్నతోనే మళ్ళీ అభ్యాసం చేయించండి.